"తరువాత జెనీవాలో చూసుకుందాం": వాణిజ్య వివాదాలపై అపోహలు, వాస్తవాలు

అంతర్జాతీయ వాణిజ్య, పెట్టుబడి వివాదాల పరిష్కారంపై వర్ధమాన దేశాల అధికారులకు శిక్షణ ఇవ్వడం నా వృత్తి. విజయనగరంలోని ఇంటి నుంచి ఆన్‌లైన్‌లో పాఠం చెప్పినా, బొబ్బిలి, గరివిడి ఫెర్రో అల్లాయ్స్ కర్మాగారాల వారితో మాట్లాడినా ఒకే మాట వినిపిస్తుంది: "వాళ్లు అన్యాయంగా యాంటీ డంపింగ్ సుంకం వేస్తే వేయనివ్వండి, తరువాత డబ్ల్యూటీవోలో తేల్చుకుందాం." స్వదేశపు ధర కంటే తక్కువకు అమ్ముతున్నారంటూ దిగుమతి చేసుకునే దేశం మన సరుకుపై వేసే అదనపు పన్నే యాంటీ డంపింగ్ సుంకం; డబ్ల్యూటీవో అంటే జెనీవాలోని ప్రపంచ వాణిజ్య సంస్థ.

ఇంతకంటే ఖరీదైన అపోహ ఈ రంగంలో లేదు. దేశాల మధ్య వివాదాన్ని విచారించే డబ్ల్యూటీవో ప్యానెల్ కేసును మొదటి నుంచి మళ్లీ విచారించదు. దిగుమతి చేసుకునే దేశపు దర్యాప్తు అధికారుల ముందు అప్పట్లో ఏ ఆధారాలు ఉన్నాయో వాటినే చూస్తుంది. ఆ అధికారులు వాస్తవాలను సక్రమంగా నిర్ధారించి, నిష్పక్షపాతంగా అంచనా వేసి ఉంటే, తాను వేరే నిర్ణయానికి వచ్చేదాన్నని ప్యానెల్‌కు అనిపించినా దాన్ని తోసిపుచ్చే వీలు లేదు. దర్యాప్తులో ఆ అధికారులు పంపే ప్రశ్నావళి అందిన ఎగుమతిదారుకు జవాబివ్వడానికి కనీసం 30 రోజుల గడువు ఉంటుంది. ఆ గడువులో జవాబివ్వకపోతే, అధికారులు తమకు దొరికిన సమాచారంతోనే సుంకం లెక్కగట్టవచ్చు. అది సాధారణంగా మనకు అనుకూలంగా ఉండదు. ఒకవేళ కేసు గెలిచినా, తప్పును ఇకమీదట సరిదిద్దుకోమనడమే తీర్పు సారాంశం కనుక, అప్పటికే కట్టిన సుంకం తిరిగి వస్తుందన్న ఆశ పెట్టుకోకూడదు.

ఒక ఆఫ్రికా దేశపు యువ అధికారిణి తరగతి ముగిశాక ఆగి, తమ ఎగుమతిదారులు చిన్నవారని, ఖర్చుల లెక్కలు అడిగిన పద్ధతిలో రాసే మనిషి కూడా వారి దగ్గర లేడని దిగులుగా చెప్పారు. కారణాలు చూపి గడువు పొడిగింపు కోరుతూ ఆ రోజే లేఖ పంపించమని, ఉన్న లెక్కలను ఉన్నట్టే ఇమ్మని చెప్పాను. శక్తి మేరకు సహకరించిన వారి సమాచారం అన్ని విధాలా పరిపూర్ణంగా లేదన్న కారణంతో దాన్ని పక్కన పెట్టకూడదని డబ్ల్యూటీవో యాంటీ డంపింగ్ ఒప్పందం రెండో అనుబంధంలోనే ఉంది. భయపడే వారికి ఈ ఒక్క నిబంధన చాలా ధైర్యాన్నిస్తుంది; "ఏం రాసినా వాళ్లు వేసేది వేస్తారు" అని వాట్సాప్‌లో తీర్పులు చెప్పేవారు దాన్ని ఎన్నడూ చదివినట్టు కనబడదు.

సంతబొమ్మాళి వైపు రొయ్యల రైతు ఒకరు "మాస్టారూ, మేమే కేసు వేయలేమా?" అని అడిగారు. 2005 నుంచి అమెరికాలో మన రొయ్యలపై ఉన్న సుంకం భారం చెరువు గట్టు ధర మీద పడుతుంది కనుక ఆయన ఆందోళన న్యాయమైనదే. అయితే డబ్ల్యూటీవోలో ఫిర్యాదు చేయగలిగేది ప్రభుత్వాలే.

చిన్న దేశం పెద్ద దేశంపై గెలవలేదన్నది మరో పుకారు. బ్యాటరీలపై మన దేశం వేసిన యాంటీ డంపింగ్ సుంకం మీద బంగ్లాదేశ్ 2004లో ఫిర్యాదు చేయగా, ఆ మరుసటి ఏడాదే మనం దాన్ని ఎత్తివేశాము. ఇక 2019 డిసెంబరు నుంచి అప్పీలు విభాగం పనిచేయని మాట నిజమే గానీ, ప్యానెళ్లు మాత్రం మూతపడలేదు.

పెట్టుబడి వివాదాల దారి వేరు. అక్కడ దేశాల మధ్య ఉన్న పెట్టుబడి ఒప్పందం అనుమతిస్తే విదేశీ పెట్టుబడిదారే నేరుగా దేశంపై మధ్యవర్తిత్వానికి వెళ్లగలడు. అవి ఢిల్లీ వ్యవహారాలని జిల్లా స్థాయి అధికారులు అనుకుంటారు. కానీ రాష్ట్ర ప్రభుత్వమో, కలెక్టరు కార్యాలయమో తీసుకున్న చర్యకు కూడా అంతర్జాతీయంగా దేశమే జవాబుదారీ. అందుకే అనుమతి రద్దు చేసే ఉత్తర్వులో తేదీలు, కారణాలు, అవతలి వారికి ఇచ్చిన నోటీసు వివరాలు స్పష్టంగా రాయడాన్ని నేను మొదటి తరగతిలోనే అభ్యాసం చేయిస్తాను.