లద్దాఖ్: ఒక్క సీటు పెట్టిన పేచీ

2025 సెప్టెంబరు 24న లేహ్‌లో కాల్పులకు నలుగురు బలయ్యాక, బీజేపీ కార్యాలయం తగలబడ్డాక లద్దాఖ్ మళ్లీ పతాక శీర్షికలకెక్కింది. ఆందోళనకారులు అడుగుతున్నవి నాలుగు. రాష్ట్ర హోదా, గిరిజన ప్రాంతాలకు స్వయంపాలన ఇచ్చే రాజ్యాంగంలోని ఆరో షెడ్యూలు గురించి అందరూ మాట్లాడుతున్నారు. సొంత పబ్లిక్ సర్వీస్ కమిషన్ సంగతి కొంత నలిగింది. లేహ్‌కు ఒకటి, కార్గిల్‌కు ఒకటి చొప్పున లోక్‌సభ సీటు ఇవ్వాలన్న నాలుగోదాన్ని మాత్రం జాబితా చివర చదివి వదిలేస్తున్నారు. అక్కడి రాజకీయం ముప్పై ఏళ్లకు పైగా తిరుగుతున్నది ఆ సీటు చుట్టూనే.

ఓట్ల లెక్కలోకే వద్దాం. మన అధీనంలో ఉన్న లద్దాఖ్ విస్తీర్ణం 59,146 చదరపు కిలోమీటర్లు, అంటే తెలంగాణలో సగానికి పైగా. 2011 లెక్కల ప్రకారం జనాభా 2,74,289. లేహ్ జిల్లాలో 1,33,487 మంది, కార్గిల్‌లో 1,40,802 మంది. లేహ్‌లో మూడింట రెండొంతులు బౌద్ధులు, కార్గిల్‌లో నాలుగింట మూడొంతులకు పైగా ముస్లింలు. ఇంత దగ్గరి సంఖ్యలున్న రెండు జిల్లాలకు కలిపి ఒకే ఎంపీ. ఒక జిల్లా ఒక్క మాట మీద నిలిచి, రెండోది చీలితే ఫలితం తేలిపోయినట్టే.

మొదట్లో ఈ లెక్క ఎవరికీ పట్టలేదు. 1967లో నియోజకవర్గం ఏర్పడినప్పటి నుంచి 1984 దాకా కాంగ్రెస్‌దే రాజ్యం. కుషోక్ బకులా రెండుసార్లు, 1977లో రాణి పార్వతీదేవి, తర్వాత పి.నామ్‌గ్యాల్ రెండుసార్లు గెలిచారు. అందరూ లేహ్ వైపు వాళ్లే. 1979లో లద్దాఖ్‌ను రెండు జిల్లాలుగా విడదీసినా ఎన్నికల్లో ఆ గీత వెంటనే కనబడలేదు.

కనబడింది 1989లో. కశ్మీర్ పెత్తనం నుంచి విడదీసి కేంద్రపాలిత ప్రాంతం చేయాలంటూ ఆ ఏడు లద్దాఖ్ బౌద్ధ సంఘం వీధుల్లోకి వచ్చింది. సంఘానికి నాయకుడు తుప్స్తాన్ ఛేవాంగ్. ఆగస్టు 27న లేహ్‌లో పోలీసు కాల్పుల్లో ముగ్గురు చనిపోయారు. ఉద్యమం తీసుకున్న మరో నిర్ణయం ముస్లింల సామాజిక బహిష్కరణ. ముస్లింల దుకాణంలో కొనకూడదు, వాళ్లతో పొత్తు పెట్టుకోకూడదు. అంతకుముందు ఒకే ఇంట్లో బౌద్ధులు, ముస్లింలు కలిసి ఉన్న కుటుంబాలు లేహ్ చుట్టుపక్కల అరుదేమీ కాదు. బహిష్కరణ 1992 దాకా సాగింది.

కాల్పులు జరిగిన మూడు నెలలకే లోక్‌సభ ఎన్నికలు వచ్చాయి. స్వతంత్రుడిగా నిలబడ్డ కార్గిల్ నేత మహమ్మద్ హసన్ కమాండర్ గెలిచారు. అటువైపు నుంచి పార్లమెంటుకు వెళ్లిన మొదటి మనిషి ఆయనే. లేహ్ వాళ్లకు కేంద్రపాలిత హోదా అంటే విముక్తి. కార్గిల్‌కు అది లేహ్ చేతికింద బతకడంలా అనిపించింది. ఆ భయానికి కార్గిల్ దగ్గరున్న ఆయుధం ఓటొక్కటే. పార్టీ గుర్తు చూసి వేసే ఓటు జిల్లా చూసి వేసే ఓటుగా మారింది ఆ ఎన్నికలోనే.

బుజ్జగింపుగా 1995లో లేహ్‌కు స్వయంప్రతిపత్తి గల హిల్ కౌన్సిల్ దక్కింది, 2003లో కార్గిల్‌కూ వచ్చింది. కౌన్సిళ్లు రెండయ్యాయి, ఎంపీ సీటు ఒకటే మిగిలింది. 1996లో నామ్‌గ్యాల్ తిరిగొచ్చారు. 1998లో సయ్యద్ హుస్సేన్, 1999లో హసన్ ఖాన్ కశ్మీర్ పార్టీ నేషనల్ కాన్ఫరెన్స్ తరఫున గెలిచారు. 2004లో ఛేవాంగ్ స్వతంత్రుడిగా నెగ్గారు. 2009లో హసన్ ఖాన్ మళ్లీ గెలిచారు, ఈసారి ఆయనా స్వతంత్రుడే. పార్టీ బోర్డులు ఎంత తేలికో దీన్నిబట్టే తెలుస్తుంది.

తర్వాతి మూడు ఎన్నికల అంకెలు చూస్తే ఇంక వ్యాఖ్యానం అక్కర్లేదు.

2014లో బీజేపీ అభ్యర్థిగా ఛేవాంగ్‌కు 31,111 ఓట్లు, కార్గిల్ స్వతంత్రుడు గులాం రజాకు 31,075. తేడా 36. కార్గిల్ నుంచే నిలబడ్డ కాజిం సాబ్రి 28,234 పట్టుకుపోయారు. కార్గిల్ ఇద్దరివీ కలిపితే 59,309. లేహ్ వైపు ఛేవాంగ్‌వి, కాంగ్రెస్ అభ్యర్థివి కలిపితే 57,513.

2019లో జమ్యాంగ్ సెరింగ్ నామ్‌గ్యాల్ 42,914 ఓట్లతో బీజేపీకి సీటు నిలబెట్టారు. కార్గిల్‌లో సజ్జాద్ కార్గిలి, అస్గర్ కర్బలాయి ఇద్దరూ దిగి 31,984, 29,365 పంచుకున్నారు. ఒక్కరే నిలబడి ఉంటే ఫలితం తారుమారయ్యేది. ఓట్లన్నీ అచ్చంగా జిల్లా లెక్కన పడతాయని కాదు. అయినా ఇస్లామియా స్కూల్, ఇమామ్ ఖొమైనీ ట్రస్ట్ అనే రెండు మతసంస్థల మాట చెల్లే కార్గిల్‌లో, అవి ఏకమైతే ఎంత, కాకపోతే ఎంత అన్నది ప్రతి ఎన్నికలోనూ మొదట వేసే లెక్క.

2024లో కార్గిల్ ఏకమైంది. కాంగ్రెస్ అభ్యర్థికి మద్దతివ్వాలని శ్రీనగర్ నుంచి ఆదేశం వస్తే నేషనల్ కాన్ఫరెన్స్ కార్గిల్ శాఖ మొత్తం రాజీనామా చేసింది. సజ్జాద్ తప్పుకున్నారు. మిగిలిన ముగ్గురిలో ఒక్కరే కార్గిల్ మనిషి, మహమ్మద్ హనీఫా. ఆయనకు 65,259. లేహ్ ఓట్లను కాంగ్రెస్ (37,397), బీజేపీ (31,956) చీల్చుకున్నాయి. ఆ రెండూ కలిస్తే 69,353. అంటే 27,862 మెజారిటీతో గెలిచిన మనిషి కూడా, ఎదుటివాళ్లు చీలకపోతే ఓడేవాడే.

ఈ సీటు విలువను అమాంతం పెంచింది 2019 నాటి జమ్మూకశ్మీర్ విభజన. అంతకుముందు నుబ్రా, లేహ్, కార్గిల్, జన్‌స్కార్ నుంచి నలుగురు ఎమ్మెల్యేలు ఉండేవారు. 2019 అక్టోబరు 31న అసెంబ్లీ లేని కేంద్రపాలిత ప్రాంతం కావడంతో ఆ నాలుగూ పోయాయి. రాజ్యసభ సీటు ఇవ్వలేదు. చట్టం చేసే సభలో లద్దాఖ్ గొంతు ఇప్పుడు ఒక్కటే. అది ఒక జిల్లాకు దక్కితే రెండో జిల్లాకు అయిదేళ్లు ఏమీ లేనట్టే. 1989లో బహిష్కరణ దాకా వెళ్లిన రెండు ప్రాంతాలు 2021లో లేహ్ అపెక్స్ బాడీ, కార్గిల్ డెమొక్రాటిక్ అలయన్స్ అనే ఉద్యమ వేదికలుగా చేతులు కలిపిన నేపథ్యం ఇది. అపెక్స్ బాడీకి పెద్దదిక్కు ఎవరనుకున్నారు? 2018లో ఎంపీ పదవికీ, బీజేపీకీ రాజీనామా చేసి బయటికొచ్చిన అదే ఛేవాంగ్. ఇంత ఐక్యతా 2024లో పోలింగ్ కేంద్రం దాకానే వచ్చింది. లోపల ఎవరి జిల్లా వాళ్లదే. నాలుగో డిమాండు తీరకపోతే ఈ పొత్తుకు ప్రతి అయిదేళ్లకూ పరీక్షేనని రెండు పక్షాలకూ తెలుసు.

కేంద్రం వాదన వేరు. స్థానికులకు కొలువుల్లో 85 శాతం రిజర్వేషన్, కౌన్సిళ్లలో మహిళలకు మూడో వంతు, భోటీ, పుర్గీలకు అధికార భాషా హోదా చర్చల వల్లే వచ్చాయని, తలుపులు తెరిచే ఉన్నాయని హోంశాఖ అంటోంది. జనాభా వాదనా ఉంది. దాదాపు 20 లక్షల మంది ఉన్న నాగాలాండ్‌కు ఎంపీ ఒక్కరే. 2024లో మల్కాజ్‌గిరి ఓటర్లే 37 లక్షలు దాటారు. లద్దాఖ్‌లో మొత్తం 1.84 లక్షల ఓటర్లకు ఇద్దరు ఎంపీలా అన్నది న్యాయమైన ప్రశ్నే.

అయితే రాజ్యాంగం ఈ విషయంలో రాష్ట్రాలను, కేంద్రపాలిత ప్రాంతాలను ఒకే కాటాలో తూచలేదు. జనాభా నిష్పత్తి షరతు 81(2) అధికరణంలో రాష్ట్రాలకు పెట్టింది. కేంద్రపాలిత ప్రాంతాలకు 81(1)(బి) వర్తిస్తుంది: పార్లమెంటు చట్టం చేసి నిర్ణయించిన పద్ధతిలో, 20 మందికి మించకుండా. ఇప్పుడున్నది ఢిల్లీకి 7, జమ్మూకశ్మీర్‌కు 5, దాద్రా నగర్ హవేలీ, దమణ్ దీవ్‌కు 2, మిగిలిన అయిదింటికి ఒక్కొక్కటి. మొత్తం 19. ఒకటి ఖాళీ. దాద్రా నగర్ హవేలీని, దమణ్ దీవ్‌ను 2020లో కలిపేసినా రెండు సీట్లూ ఉంచారు. అందులో దమణ్ దీవ్ జనాభా 2011లో 2.43 లక్షలు, లద్దాఖ్ కంటే తక్కువే. 64 వేల మంది ఉన్న లక్షద్వీప్‌కూ ఒక ఎంపీ ఉన్నారు. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం మొదటి షెడ్యూలును సాధారణ మెజారిటీతో సవరిస్తే రెండో సీటు పుడుతుంది. కావలసింది మనసే.

చిక్కు ఎక్కడ వస్తుందంటే గీత గీసేటప్పుడు. పాత జిల్లా హద్దు ప్రకారం విడదీస్తే బౌద్ధులు ఎక్కువగా ఉన్న జన్‌స్కార్ కార్గిల్ సీటులో పడుతుంది. సుమారు 14 వేల జనాభా అయినా, 36 ఓట్లతో ఫలితం తేలిన చోట అక్కడి ఒక్క ఊరు చాలు. దాన్ని లేహ్‌లో కలపాలంటే కార్గిల్ ఒప్పుకోవాలి. జన్‌స్కార్‌తోపాటు ద్రాస్, శామ్, నుబ్రా, చాంగ్‌థాంగ్‌లను కొత్త జిల్లాలుగా చేస్తామని 2024 ఆగస్టులో కేంద్రం ప్రకటించింది కాబట్టి పాత రెండు జిల్లాల హద్దే ఇక ప్రమాణం అనడానికీ వీల్లేదు. 2025 అక్టోబరు 22న కేంద్రంతో చర్చలు మళ్లీ మొదలైనప్పుడు రెండు పక్షాలూ ఒకే బల్లకు ఒకే వైపు కూర్చున్నాయి. జన్‌స్కార్ ఎటన్న ప్రశ్న వస్తే ఆ బల్లకు అటూ ఇటూ అయ్యేది వాళ్లే.