వరదలు నిజంగానే పెరిగాయా? పిల్లలకు ఓ ఉత్తరం

చిరంజీవులకు ఆశీస్సులు.

మీ ఉత్తరం అందింది. "భూమి వేడెక్కడం వల్లే వరదలు ఎక్కువయ్యాయని టీచర్ చెప్పారు. వరదలు ఇవాళ కొత్తగా వచ్చాయా, ఎప్పుడూ ఉన్నవేగా అని మామయ్య అంటున్నాడు. ఎవరి మాట నిజం తాతయ్యా?" అని అడిగారు. ఇద్దరి మాటలోనూ నిజముంది. అలాగని చెరి సగమని తప్పించుకోను. వాన సంగతి వేరు, వరద సంగతి వేరు. ఆ రెంటినీ కలిపేసి మాట్లాడబట్టే పెద్దవాళ్లం కూడా గంటల తరబడి వాదించుకుంటూ ఉంటాం.

ముందు మామయ్య మాట చూద్దాం. 1931లో చైనాలో యాంగ్‌ట్సీ నదీ, దాని చుట్టుపక్కల నదులూ పొంగి లక్షల మందిని పొట్టనబెట్టుకున్నాయి. అప్పటికి భూమి ఇంతలా వేడెక్కలేదు. కాబట్టి వరద వచ్చిన ప్రతిసారీ "ఇదిగో భూతాపం" అనేయడం తొందరపాటే. కానీ "అప్పుడూ వచ్చాయి" అన్నంత మాత్రాన "ఇప్పుడు పెరగలేదు" అని తేలిపోదు. మామయ్య జారిపోయేది అక్కడే.

ఇక వాన. గాలి వేడెక్కే కొద్దీ అందులో ఎక్కువ నీటి ఆవిరి ఉండగలదు. ఒక్కో డిగ్రీకి సుమారు 7 శాతం చొప్పున పెరుగుతుంది. ఇది నిన్నమొన్న కంప్యూటర్ చెప్పిన జోస్యం కాదు. క్లాపెరాన్, క్లాసియస్ అనే ఇద్దరు శాస్త్రవేత్తల పేరుతో 19వ శతాబ్దం నుంచీ ఉన్న భౌతికశాస్త్ర సూత్రం. 1850-1900 మధ్య కాలంతో పోలిస్తే 2011-2020 నాటికి భూమి సగటు ఉష్ణోగ్రత 1.1 డిగ్రీలు పెరిగింది. అంటే తుఫాను మేఘానికి అందే సరుకు ముత్తాతల కాలం కంటే ఎక్కువన్నమాట. పైగా ఆవిరి మళ్లీ నీటిబొట్టుగా మారేటప్పుడు వేడిని వదులుతుంది. ఆ వేడి మేఘాన్ని ఇంకా పైకి ఎగదోస్తుంది. అందుకే గంటా రెండు గంటల్లో విరుచుకుపడే కుండపోతలు కొన్నిచోట్ల 7 శాతం లెక్కను కూడా దాటిపోతాయి.

ఇక్కడే ఒక తిరకాసుంది. నాకు ఈ మొత్తం విషయంలో బాగా నచ్చే భాగం కూడా అదే. ప్రపంచం మొత్తం మీద ఏడాదికి కురిసే వాన మాత్రం డిగ్రీకి 1 నుంచి 3 శాతమే పెరుగుతుంది. భారీ వానలు 7 శాతం బలపడి, మొత్తం వాన ఆ మాత్రమే పెరిగితే ఏమవుతుంది? జీతం కాస్త పెరిగినా పండగ రోజే అంతా ఖర్చు పెట్టేసేవాడి ఇంట్లో మిగతా నెలంతా ఎలా ఉంటుందో అలా ఉంటుంది. పడితే కుంభవృష్టి, లేకపోతే ఎండిపోయిన ఆకాశం. ఒకే చోట ఓ ఏడు కరువు, మరుసటి ఏడు వరద అని వార్తల్లో చదివి "ఇదేం విడ్డూరం" అనుకుంటాం కదా, అందులో విడ్డూరమేమీ లేదు.

లెక్క చెప్పమంటారా? ఐపీసీసీ అని వాతావరణ మార్పుల మీద ప్రభుత్వాలన్నీ కలిసి ఏర్పాటు చేసుకున్న బృందం ఉంది. దాని 2021 నివేదిక ఇలా చెబుతోంది. ఒకప్పుడు సగటున పదేళ్లకోసారి కురిసేంత పెద్ద ఒక్కరోజు వానను తీసుకోండి. వందేళ్లలో అలాంటివి పది రావాలి. ఇప్పటి వేడిలో 13 వస్తాయి. భూమి 2 డిగ్రీలు వేడెక్కితే 17, 4 డిగ్రీలైతే 27. కాబట్టి వాన విషయంలో టీచర్ మాటే నిజం, సందేహం అక్కర్లేదు.

"కుండపోత" అని రాస్తే అదెంతో మీకు అందదేమో. 2021 జులై 20న చైనాలోని జెంగ్‌జౌ నగరంలో ఒక్క గంటలో 201.9 మిల్లీమీటర్ల వాన పడింది. చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు పడితే అది ఒక లీటరు. అంటే మీరు చాప పరుచుకుని కూర్చునేంత జాగాలో గంటలో 200 లీటర్లు, ఇరవై లీటర్ల బకెట్లు పది. అదే చదరపు కిలోమీటరుకు లెక్కేస్తే 20 కోట్ల లీటర్లు. ఏ కాలువ మోస్తుంది అంత నీటిని?

ఇక అసలు చిక్కు, వరద. ఒక పని చేసి చూడండి. పొడి మట్టి మీద చెంబుడు నీళ్లు మెల్లగా పోయండి, ఇంకిపోతాయి. వెంటనే అక్కడే ఇంకో చెంబు, ఆ పైన ఇంకోటి పోయండి. మూడోది ఇంకదు, పక్కకు పారుతుంది. అదే ఎండకు గట్టిపడి పెంకులా బిగుసుకుపోయిన నేల మీదైతే మొదటి చెంబే జారిపోతుంది. సిమెంటు మీద సంగతి చెప్పనే అక్కర్లేదు. పడిన వాన ఎంతన్నది ఒక్కటే కాదు, పడేనాటికి నేల ఎలా ఉందన్నదాన్ని బట్టి కూడా నది పొంగుతుంది.

యూరప్ నదులే ఇందుకు సాక్ష్యం. 1960 నుంచి 2010 దాకా అక్కడి నదుల లెక్కలు తీస్తే వాయవ్య ప్రాంతంలో వరదలు పెరిగాయి, దక్షిణాన, తూర్పున తగ్గాయి. అవును, తగ్గాయి! దక్షిణాన వేడికి నేలలో తడి తగ్గిపోయి, మీరు మెల్లగా పోసిన మొదటి చెంబులాగే నీళ్లు ఎక్కువగా ఇంకిపోతున్నాయి. తూర్పున చలికాలంలో మంచు తక్కువగా పేరుకుంటోంది కాబట్టి వసంతంలో అది కరిగి వచ్చే వరద కూడా తగ్గింది. భూతాపం ఒకటే, ఫలితాలు మాత్రం ఒకదానికొకటి పొసగవు. అందుకే "ప్రపంచంలో నదులన్నీ ముందుకంటే ఎక్కువ పొంగుతున్నాయా?" అని అడిగితే శాస్త్రవేత్తలు గబుక్కున అవునని అనరు. చిన్న వాగులు, పట్నాల వీధులు, కొండ లోయలైతే వేరు. వాటిని ముంచడానికి గంటలో పడే వాన చాలు, ఆ వాన బలపడుతోంది.

మరి ఫలానా వరదకు భూతాపం కారణమా కాదా అని ఎలా తేలుస్తారు? 2021 జులైలో జర్మనీ, బెల్జియంలలో వచ్చిన వరదకు 200 మందికి పైగా చనిపోయారు. ఆర్ అనే చిన్న నది ఇరుకు లోయలో విరుచుకుపడింది. నేల అప్పటికే తడిసి ముద్దయి ఉంది. శాస్త్రవేత్తలు పాత వాన లెక్కలూ, కంప్యూటర్ నమూనాలూ ముందేసుకుని ఇప్పటి భూమినీ, 1.2 డిగ్రీలు చల్లగా ఉన్న భూమినీ పక్కపక్కన పెట్టి చూశారు. అలాంటి వాన పడే అవకాశం 1.2 రెట్ల నుంచి 9 రెట్ల దాకా పెరిగిందనీ, వాన జోరు 3 నుంచి 19 శాతం దాకా పెరిగిందనీ తేల్చారు. 1.2కీ 9కీ మధ్య అంత దూరమేంటని నవ్వకండి. చిన్న ప్రాంతంలో అరుదుగా పడే వానకు కొలతలు తక్కువ. ఆ సంగతి దాచకుండా చెప్పిన లెక్కనే నేను నమ్ముతాను. "ఈ వరద నూటికి నూరు పాళ్లు భూతాపమే" అనేవాళ్లనూ, "అసలు సంబంధమే లేదు" అనేవాళ్లనూ ఒకేలా అనుమానిస్తాను.

మనుషుల చేతలు కూడా ఉన్నాయి. 2023 సెప్టెంబరులో డేనియల్ తుఫాను లిబియాలోని డెర్నా పట్టణం మీద పడింది. ఊరికి ఎగువన 1970లలో కట్టిన రెండు ఆనకట్టలు రాత్రికి రాత్రే తెగిపోయి వేల మంది కొట్టుకుపోయారు. వేడెక్కిన మధ్యధరా సముద్రం వానను పెంచి ఉంటుంది, నిజమే. కానీ జనం నిద్రలో పోయింది ఆనకట్టలు తెగబట్టి. దీనికి ఎదురు కథ బంగ్లాదేశ్‌ది. 1970 తుఫాను ఉప్పెనలో కనీసం 3 లక్షల మంది చనిపోయిన ఆ తీరంలో 2007 నాటి సిద్ర్ తుఫానుకు చనిపోయింది మూడున్నర వేల లోపు. తుఫాను చిన్నదై కాదు. హెచ్చరికలు, షెల్టర్లు, సైకిళ్ల మీద తిరుగుతూ మెగాఫోన్‌లో చెప్పిన వాలంటీర్లు, వీళ్ల వల్ల.

"వందేళ్ల వరద" అని వింటుంటారు కదా. ఒకసారి వచ్చిందంటే ఇక వందేళ్లు నిశ్చింత అని దానర్థం కాదు. ఏ ఏడాదికా ఏడాది అది వచ్చే అవకాశం నూటికి ఒకటి అని. నది ఒడ్డున 30 ఏళ్లు కాపురముంటే దాన్ని చూసే అవకాశం నూటికి 26. అది కూడా వాతావరణం మారకపోతే.

చివరగా, చిన్నది అడిగిన ప్రశ్న: వేడి పెరగడం ఆగితే వరదలూ ఆగిపోతాయా? బొగ్గుపులుసు వాయువును (కార్బన్ డయాక్సైడ్‌ను) గాలిలోకి కలపడం పూర్తిగా ఆపగలిగితే భూమి వేడెక్కడం దాదాపు అక్కడితో నిలిచిపోతుందని అంచనా. అప్పుడు కుండపోతలు ఇంకా ముదరవు, అలాగని పాత రోజులకు వెనక్కీ పోవు. సముద్రం మాత్రం మాట వినదమ్మా. 1901 నుంచి 2018 మధ్య దాని మట్టం సగటున 20 సెంటీమీటర్లు పెరిగింది. వేడి లోతుల్లోకి దిగడానికీ, ధ్రువాల మంచు కరగడానికీ శతాబ్దాలు పడుతుంది కాబట్టి ఇంకా పెరుగుతూనే ఉంటుంది. ప్రతి ఉప్పెనా ఆ పెరిగిన మట్టం మీదెక్కి వస్తుంది. లండన్‌ను కాపాడటానికి థేమ్స్ నదికి అడ్డంగా పెట్టిన భారీ గేట్లు 1980లలో పని మొదలుపెట్టాయి. ఆ తర్వాత ఏం కట్టాలో అక్కడి ఇంజనీర్లు ఇప్పుడే 2100 దాకా ప్రణాళిక వేసుకుని కూర్చున్నారు.

ఆశీస్సులతో,
మీ తాతయ్య