గొల్లభామకు జ్వరం వచ్చింది

"మామయ్యా, గొల్లభామ పిల్ల రెండు రోజుల నుంచి ఏమీ తినట్లేదు. చచ్చిపోతుందా?"

ఎనిమిదో తరగతి చదివే మా మేనల్లుడి ఫోను. గొల్లభామ అంటే ఇంగ్లీషులో ప్రేయింగ్ మాంటిస్. కరివేపాకు చెట్టు మీద దొరికిన వేలిగోరంత పిల్లను పచ్చడి సీసాలో వేసి, మూతికి దోమతెర గుడ్డ కట్టి పెంచుతున్నాడు. ఫొటో పంపమన్నాను. గుడ్డ పట్టుకుని తలకిందులుగా వేలాడుతోంది. పక్కనే పండు ఈగ తిరుగుతున్నా పట్టించుకోవడం లేదు.

"ఏం కాలేదురా, దానికి జ్వరం వచ్చింది" అన్నాను. వాడికి టెన్షన్ ఇంకా పెరిగింది.

తప్పు నాదే. అది మా హిందూపురం వైపు పట్టుపురుగులు పెంచేవాళ్ల మాట. పురుగు మేత మానేసి, తల పైకెత్తి కదలకుండా ఉండిపోతే జ్వరానికి కూర్చుందంటారు. కుబుసం విడిచి మళ్లీ ఆకు కోసం వెతికితే జ్వరం నుంచి లేచిందంటారు. పట్టుపురుగుకు గూడు కట్టేలోపు ఇలాంటి జ్వరాలు నాలుగు. బడిలో దీని పేరు 'నిర్మోచనం'. ఆ మాట రాసి, కింద గీత గీసి, మార్కులు వేయించుకుని పైతరగతికి వెళ్లిపోతాం. ఒక్క పురుగు ఒళ్లు విప్పుకోవడం చూడం. నాకైతే రైతు మాటే ఇష్టం. ఏం చేయాలో అందులోనే ఉంది: కదిలించొద్దు, మేత వేయొద్దు. లంఖణం పరమౌషధం.

లంఖణం ఎందుకంటే, పురుగుకు ఎముకలు లోపల ఉండవు, ఒంటిపైన గట్టి తొడుగే దాని అస్థిపంజరం. ఆ తొడుగు పెరగదు. అందుకని పాతదాని కింద కొత్తది, ముడతలు ముడతలుగా మడిచి తయారవుతుంది. రెండింటి మధ్య ఒక ద్రవం ఊరి, పాత తొడుగు లోపలి భాగాన్ని జీర్ణం చేస్తుంది. అలా కరిగిన సరుకును ఒళ్లు మళ్లీ పీల్చుకుంటుంది. ఊడేది పైచర్మం ఒక్కటే కాదు, గొంతు లోపలి పొర, గాలిగొట్టాల లోపలి పొర కూడా. గొంతుకే కొత్త పొర వేస్తున్నప్పుడు ముద్ద ఎలా మింగుతుంది?

ఈ పనికి ఆజ్ఞ ఇచ్చే హార్మోను ఎక్డైసోన్. రొమ్ము భాగంలోని గ్రంథుల నుంచి వస్తుంది. 1954లో బ్యూటెనాంట్, కార్ల్సన్ అనే జర్మన్ శాస్త్రవేత్తలు దాన్ని మొదటిసారి విడదీశారు. దేన్నుంచి అనుకున్నారు? పట్టుపురుగు ప్యూపాల (గూటి లోపలి దశ) నుంచే. 500 కిలోల ప్యూపాలకు దక్కింది 25 మిల్లీగ్రాములు! పట్టుపురుగుకూ గొల్లభామకూ ఆజ్ఞ ఒకటే కాబట్టి జ్వరం అన్న మాట రెండింటికీ చెల్లుతుందని నా వాదన.

అయితే జ్వరం ఒకటే గానీ పత్యం వేరు. పట్టుపురుగు తట్టలో పడుకునే కుబుసం విడుస్తుంది, రైతు సున్నం పొడి చల్లి పడక పొడిగా ఉంచుతాడు. గొల్లభామకు మరీ పొడిగా ఉంటే పాత తొడుగు కాళ్లకు అతుక్కుపోతుంది. అదీగాక, అది వేలాడుతూనే విప్పుకోవాలి. కాలిగోళ్లతో పైకప్పు పట్టుకుని, గాలి మింగి ఒళ్లు ఉబ్బిస్తుంది. వీపు మీద తొడుగు చీలుతుంది. అందులోంచి తల ముందుగా కిందికి జారుతుంది. కాళ్లన్నీ బయటికి వచ్చాక కాసేపు పొట్ట చివరతో మాత్రమే వేలాడి, తర్వాత పైకి మళ్లి తన కుబుసాన్నే పట్టుకుంటుంది. అప్పటికి అది పచ్చికుండ. కుండ పచ్చిగా ఉన్నప్పుడు నేలకు తగిలితే సొట్ట పడి, ఆ సొట్టతోనే గట్టిపడదూ? ఇదీ అంతే.

అందుకే సీసా ఎత్తు పిల్ల పొడవుకు కనీసం మూడింతలు ఉండాలి, వెడల్పు రెండింతలు. పైన గరుకు గుడ్డ ఉండాలి, నున్నటి ప్లాస్టిక్ మూత పనికిరాదు. నీళ్ల గిన్నె అక్కర్లేదు, రోజూ కాస్త నీళ్లు చిలకరిస్తే తుంపరలే తాగుతుంది. ఒక కాలు విరిగినా బెంగపడొద్దు, పెద్దదయ్యేలోపు జ్వరాలు మిగిలి ఉంటే ఆ కాలు కొద్దికొద్దిగా మళ్లీ మొలుస్తుంది. రెక్కలు వచ్చాయంటే జ్వరాలు అయిపోయినట్టే.

తిండి సంగతి పెద్ద విశేషం కాదు. మగ్గిన అరటిపండు ముక్క ఒక డబ్బాలో పెడితే పండు ఈగలు అవే వస్తాయి. పెరిగేకొద్దీ మామూలు ఈగలు, చిన్న కీచురాళ్లు. తనకంటే పెద్దది వేయొద్దు. జ్వరంలో ఉన్నప్పుడు సీసాలో కీచురాయి మిగిలితే అదే దీన్ని కొరికేస్తుంది. ఇద్దరు తోబుట్టువులను ఒకే సీసాలో పెడితే కొన్నాళ్లకు ఒక్కరే మిగులుతారు. ఆ గదిలో దోమల మందు వద్దు.

ఇక "అది కుడితే విషం ఎక్కుతుందట" అని మా అక్క గోల. నా చిన్నప్పుడు మా అమ్మమ్మ కూడా ఇలాగే భయపెట్టేది. విషం లేదు, కుట్టే ముల్లూ లేదు. పెద్దదాని ముందు కాళ్ల ముళ్లు గుచ్చుకుంటే చురుక్కుమంటుంది, అంతే. గ్రీకులో 'మాంటిస్' అంటే సోదె చెప్పేవాడు. చేతులు జోడించిన భంగిమకు దక్కిన గౌరవం అది. నిజానికి ఆ జోడింపు మడిచి పెట్టుకున్న కత్తెర.

మర్నాడు పొద్దున్నే మళ్లీ ఫోను.

"మామయ్యా! సీసాలో ఇంకొకటి పుట్టింది!"

"తెల్లగా, పల్చగా, కదలకుండా గుడ్డకు వేలాడుతోందా?"

"అవును."

"దానికి మేత వేయకు. రెండోదానికి కూడా రేపటిదాకా వేయకు."