ఎడిటింగ్ లాప్‌టాప్ కొంటున్నారా? ఐ7 స్టిక్కర్‌ని నమ్మకండి

పెళ్లిళ్ల సీజన్ దగ్గర పడిందంటే ఒడిశాలోని పర్లాకిమిడిలో మా షాపుకి ఒకటే ప్రశ్న. "అన్నా, యాభై వేల లోపు ఐ7 ఏదైనా ఉందా? వీడియో ఎడిటింగ్‌కి." కాశీనగర్ నుంచి వస్తారు, గుణుపూర్ నుంచి వస్తారు, సరిహద్దు దాటి పాతపట్నం నుంచి కూడా వస్తారు. కెమెరా ఏదని అడిగితే "అది తర్వాత, ముందు లాప్‌టాప్ సంగతి చెప్పు" అంటారు. నేను పగలు లాప్‌టాప్‌లు బాగుచేస్తాను, రాత్రిళ్లు పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేస్తాను. కాబట్టి ఎక్కడ డబ్బు వృథా అవుతోందో రెండు వైపుల నుంచీ కనిపిస్తూనే ఉంటుంది.

అపోహ: ఐ7 అంటే ఎప్పుడైనా ఐ5 కన్నా ఫాస్ట్.

మా చుట్టుపక్కల కుర్రాళ్ల డబ్బు ఎక్కువగా తినేసేది ఈ నమ్మకమే. అందుకే దీన్ని వదలను, మిగతావి గబగబా చెప్పేస్తాను.

ఐ3, ఐ5, ఐ7 అన్న పేర్లు ఇంటెల్ కంపెనీ ప్రాసెసర్లలో ఒకే తరంలోని ఒకే రకం చిప్పుల మధ్య తేడా చెప్పడానికి పెట్టినవి. తరం మారితే ఆ లెక్క చెల్లదు. ఆఫీసుల నుంచి వచ్చే సెకండ్‌హ్యాండ్ లాప్‌టాప్‌లలో తరచుగా కనిపించే ఐ7-6600యూ సంగతే చూడండి. 2015 నాటి చిప్పు, అందులో ఉన్నవి రెండే కోర్లు, అంటే చిప్పులో పనిచేసే భాగాలు. 2017లో వచ్చిన ఐ5-8250యూలో నాలుగు. 2022లో వచ్చిన ఐ3-1215యూలో ఆరు, వాటిలో పెద్దవి రెండు, చిన్నవి నాలుగు. ఐ3ని చూసి మొహం తిప్పుకుని పాత ఐ7కి ఎక్కువ డబ్బు కట్టేవాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది.

గుణుపూర్ నుంచి ఒక తమ్ముడు అలాంటిదే పట్టుకొచ్చాడు. వాళ్లమ్మ మిషన్ శక్తి మహిళా పొదుపు గ్రూపులో లోను తీసి ఇచ్చిన డబ్బుతో కొన్నది. "ఏటన్నా ఇది, ఐ7 కదా, ఇలా బిగుసుకుపోతోందేటి?" అన్నాడు. టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్ ట్యాబ్ చూపించాను. కోర్స్ అన్న చోట 2 అని ఉంది. వాడు తీసుకొచ్చిన తలంబ్రాల క్లిప్ టైమ్‌లైన్ మీద పెట్టి ప్లే నొక్కాను. సీపీయూ గ్రాఫ్ 100కి వెళ్లి అక్కడే నిలబడిపోయింది. పెళ్లికూతురి తల మీద బియ్యం గాల్లోనే ఆగిపోయి, ఉండుండి ఒక్కసారి కదులుతున్నాయి, పాట మాత్రం ముందుకి వెళ్లిపోతోంది. అమ్మిన షాపులో అడిగితే "ర్యామ్ వేయించుకో, సరిపోతుంది" అన్నారట. ర్యామ్ వేస్తే కోర్లు పెరగవు. వాడి తప్పేమీ లేదు, స్టిక్కర్ మీద ఉన్నది చదివాడు, అంతే.

ఇంకో సంగతి. విండోస్ 11కి మైక్రోసాఫ్ట్ అధికారికంగా ఒప్పుకునేది ఇంటెల్‌లో దాదాపు 8వ తరం నుంచే. విండోస్ 10 మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. ఇప్పుడు 6వ తరం, 7వ తరం మెషీన్ కొనడమంటే మామూలు అప్‌డేట్లు రానిదాన్ని కొనడమే.

కాబట్టి మోడల్ నంబరులో మొదట తరం చూడండి (6600 అంటే 6వ తరం, 1215 అంటే 12వ తరం), తర్వాత చివరి అక్షరం చూడండి. యూ అంటే దాదాపు 15 వాట్ల మీద నడిచే పొదుపు చిప్పు, హెచ్ అంటే 45 వాట్లది. ఐ7-1255యూలో పెద్ద కోర్లు రెండే, ఐ5-12450హెచ్‌లో నాలుగు. మూడు గంటల పెళ్లి రెండర్ (చివరి వీడియో తయారీ) పెట్టినప్పుడు ఈ తేడా తెలుస్తుంది. ఏఎమ్‌డీ కంపెనీ రైజన్ చిప్పుల్లోనూ ఇదే తంతు. రైజన్ 5 7520యూలో నాలుగు పాత రకం కోర్లు, ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది. నంబరులో పదే తేడా ఉన్న 7530యూలో ఆరు కోర్లు. మోడల్ నంబరు పూర్తిగా చెప్పని షాపులో కొనకండి.

ఇప్పుడు కెమెరా దగ్గరికి వద్దాం, ఎందుకంటే అసలు లెక్క అక్కడే ఉంది. లాప్‌టాప్ ఎంత బలమైనదని కాదు, మీ కెమెరా ఇచ్చే ఫైల్‌ని విప్పే (డీకోడ్ చేసే) హార్డ్‌వేర్ అందులో ఉందా లేదా అన్నది చూడాలి. హెచ్.264, హెచ్.265 అన్నవి వీడియోని కుదించే పద్ధతులు; 8-బిట్, 10-బిట్, 4:2:0, 4:2:2 అన్నవి అందులో రంగు వివరం ఎంత ఉందో చెప్పే అంకెలు. 8-బిట్ 4:2:0 హెచ్.264 అయితే ఏ మాదిరి మెషీన్‌కైనా ఇబ్బంది లేదు. ఈమధ్య అందరూ కలర్ గ్రేడింగ్ కోసం 10-బిట్ 4:2:2లో తీస్తున్నారు, చిక్కు అక్కడే. హెచ్.265లో ఉన్న 10-బిట్ 4:2:2ని ఇంటెల్ చిప్పులోనే ఉండే వీడియో విప్పే భాగం, క్విక్ సింక్, 10వ తరంలో కొన్ని చిప్పుల నుంచి, 11వ తరం కోర్ లాప్‌టాప్ చిప్పులన్నిటిలోనూ విప్పగలదు. ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డుల్లో ఆర్‌టీఎక్స్ 20, 30, 40 సిరీస్‌లు దాన్ని విప్పలేవు, 2025లో వచ్చిన 50 సిరీస్‌తోనే అది మొదలైంది. రైజన్ 5000, 7000 సిరీస్‌ల్లోని గ్రాఫిక్స్‌కీ అది రాదు. అంటే లక్ష పెట్టి కొన్న రైజన్ ప్లస్ ఆర్‌టీఎక్స్ 4060 మెషీన్ తడబడే క్లిప్పు, మామూలు 12వ తరం ఐ5 మీద సాఫీగా నడవొచ్చు. సోనీ వాడేవాళ్లు ఇంకొకటి గమనించాలి. ఎక్స్ఏవీసీ హెచ్ఎస్ అంటే హెచ్.265, ఎక్స్ఏవీసీ ఎస్ అంటే హెచ్.264. రెండో రకంలో 4:2:2 పెడితే ఈ 10, 11, 12 తరాల ఇంటెల్ చిప్పులు కూడా విప్పవు, భారమంతా కోర్ల మీదే పడుతుంది.

కొనడానికి వెళ్లేటప్పుడు మీ కెమెరాలో తీసిన ఒక నిమిషం క్లిప్పు పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లండి. లాప్‌టాప్‌లోకి కాపీ చేసి, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉంటే అందులో, లేకపోతే కనీసం ప్లేయర్‌లో నడిపించి, టాస్క్ మేనేజర్‌లో సీపీయూ ఎంత పోతోందో, జీపీయూ (గ్రాఫిక్స్) కింద వీడియో డీకోడ్ గ్రాఫ్ కదులుతోందో లేదో చూడండి. డీకోడ్ గ్రాఫ్ చదునుగా ఉండి సీపీయూ ఎగబాకితే ఆ మెషీన్ మీకు పనికిరాదు.

అపోహ: గ్రాఫిక్స్ కార్డు పేరు ఒకటే అయితే పని కూడా ఒకటే.

కాదు. లాప్‌టాప్ ఆర్‌టీఎక్స్ 3050 ఒకటి 35 వాట్లతో రావచ్చు, ఇంకొకటి 80తో రావచ్చు. అమ్మేవాళ్లు ఈ అంకె చెప్పరు, కంపెనీ స్పెసిఫికేషన్ పేజీలో వెతకాలి. కట్లు, పాటలు, టైటిల్స్ వరకే మీ పని అయితే కార్డు లేకపోయినా నడుస్తుంది. డావిన్చీ రిజాల్వ్ సాఫ్ట్‌వేర్‌లో గ్రేడింగ్, నాయిస్ రిడక్షన్ చేసేవాళ్లకి మాత్రం కార్డు కావాలి, 4 జీబీ కన్నా 6 జీబీ వీడియో మెమరీ మేలు.

ర్యామ్ 16 జీబీ తీసుకోండి, వీలైతే ఒక 16 కాకుండా రెండు 8లుగా. కార్డు లేని ఇంటెల్ మెషీన్‌లో ఇది మీ కళ్ల ముందే కనిపిస్తుంది. 11, 12 తరాల చాలా ఐ5లలో ఒక్క స్టిక్ ఉంటే గ్రాఫిక్స్ పేరు యూహెచ్‌డీ అని చూపిస్తుంది, రెండోది పెట్టి ఆన్ చేస్తే అదే మెషీన్‌లో ఐరిస్ ఎక్స్ఈ అని వస్తుంది. పేరే కాదు, వేగమూ మారుతుంది.

స్క్రీన్ గురించి ఎవరూ అడగరు, అడగాలి. స్క్రీన్ ఎన్ని రంగులు చూపగలదో ఎన్‌టీఎస్‌సీ, ఎస్‌ఆర్‌జీబీ అన్న కొలతల్లో చెబుతారు. చౌక మోడళ్లలో 45 శాతం ఎన్‌టీఎస్‌సీ ప్యానెల్ వేస్తారు, ఎస్‌ఆర్‌జీబీ లెక్కలో అది మూడింట రెండు వంతులు కూడా రాదు. దాని మీద మధుపర్కం అంచు ఎరుపు వెలిసిపోయినట్టు ఉంటుంది. మీరు శాచురేషన్ పెంచుతారు. కస్టమర్ ఇంటికెళ్లి టీవీలో వేస్తే పసుపు రాసిన మొహాలు నారింజ రంగులో కనిపిస్తాయి. వంద శాతం ఎస్‌ఆర్‌జీబీ దొరక్కపోతే ఫైనల్ కలర్ ఒకసారి మంచి టీవీకి కలిపి చూసుకోండి.

మిగతావి త్వరగా. ఎడిటింగ్‌తో ఎస్ఎస్‌డీ చచ్చిపోతుందన్నది పుకారు. 300 టీబీ రాతకి హామీ ఉన్న 500 జీబీ డ్రైవ్‌లో పెళ్లికి 200 జీబీ రాసినా 1500 పెళ్లిళ్లు. గేమింగ్ లాప్‌టాప్ ఎడిటింగ్‌కి పనికిరాదన్నదీ తప్పే, లోపలి సరుకు అదే. ఆంధ్రాలో కొంటే పన్ను తక్కువ అంటారు, లాప్‌టాప్‌కి జీఎస్టీ అటూ ఇటూ 18 శాతమే. ఆడియో పెదవులకి కలవకపోతే లాప్‌టాప్‌ని తిట్టకండి, ఫోన్ వీడియోల్లో ఫ్రేమ్ రేటు నిలకడగా ఉండకపోవడం వల్ల ఎక్కువగా అలా జరుగుతుంది.

ఇప్పటికే పాత ఐ7 కొనేసినవాళ్లకి ఇదంతా చదివితే గుండె దడ పుడుతుందని నాకు తెలుసు. టెన్షన్ పడకండి, సగం ధరకి అమ్మేసుకోకండి. ప్రాక్సీలు వాడండి, అంటే అసలు ఫైళ్ల బదులు ఎడిటింగ్‌కి పెట్టుకునే తేలికపాటి కాపీలు. అడోబీ ప్రీమియర్‌లో క్లిప్పులన్నీ సెలెక్ట్ చేసి రైట్ క్లిక్, ప్రాక్సీ, క్రియేట్ ప్రాక్సీస్. క్విక్‌టైమ్‌లో ప్రోరెస్ ప్రాక్సీ, తక్కువ రిజల్యూషన్ ఎంచుకోండి. ఆ ఫైళ్లలో ప్రతి ఫ్రేమూ విడిగా ఉంటుంది కాబట్టి పాత చిప్పు కూడా మోయగలదు, చివర్లో ఎక్స్‌పోర్ట్ అసలు ఫైళ్లతోనే జరుగుతుంది. గుణుపూర్ తమ్ముడు ఆ సీజన్ పనులన్నీ ఇలాగే చేసి ఇచ్చాడు. ప్రాక్సీలు తయారవడానికి రాత్రంతా పట్టొచ్చు. పడుకునే ముందు చార్జర్ పెట్టి, స్లీప్ ఆఫ్ చేసి, లాప్‌టాప్‌ని పరుపు మీద కాకుండా బల్ల మీద ఉంచండి. లేకపోతే తెల్లారేసరికి సగంలోనే ఆగి ఉంటుంది.