నీటి ప్రాజెక్టుల్లో కన్సల్టింగ్: అపోహలు – వాస్తవాలు

సాగునీటి శాఖలో రిటైరైన ఇంజినీర్లు, భూగర్భజలాల మీద ఎమ్మెస్సీ చేసినవాళ్లు, స్వచ్ఛంద సంస్థల తరఫున ఏళ్ల తరబడి పల్లెలు తిరిగినవాళ్లు. ప్రపంచ బ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకు (ఏడీబీ), ఐక్యరాజ్యసమితి సంస్థల నీటి ప్రాజెక్టుల్లో కన్సల్టెంట్లుగా చేరాలనుకునే మనవాళ్లలో వీళ్లే ఎక్కువ. వీళ్లకు పని తెలియక కాదు చిక్కు. కాంట్రాక్టు కాగితం దగ్గర ఒకసారి, నీటి లెక్క దగ్గర ఇంకోసారి బోల్తాపడతారు. రెండు చోట్లా అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఇది ఎవరి ఖాతాలోంచి పోతోంది, ఎవరి ఖాతాలో పడుతోంది?

అపోహ: ప్రపంచ బ్యాంకు ప్రాజెక్టు కాబట్టి డబ్బిచ్చేది ప్రపంచ బ్యాంకే.

వాస్తవం: బ్యాంకు అప్పు ఇస్తుంది, అంతే. తీసుకున్న ప్రభుత్వమే టెండరు పిలుస్తుంది, సంతకం పెడుతుంది, బిల్లు చెల్లిస్తుంది. 2010లో ఆమోదం పొందిన ఆంధ్రప్రదేశ్ వాటర్ సెక్టార్ ఇంప్రూవ్‌మెంట్ ప్రాజెక్టునే చూడండి. నాగార్జునసాగర్ కాలువల ఆధునికీకరణకు అప్పిచ్చింది బ్యాంకు, అమలు చేసింది రాష్ట్ర ప్రభుత్వం. పెద్ద కాంట్రాక్టుల్లో బ్యాంకు ముందుగా పరిశీలించి అభ్యంతరం లేదని చెబుతుంది. చిన్నవాటిని తర్వాత తనిఖీ చేస్తుంది. బ్యాంకు తన సొంత అధ్యయనాలకు నేరుగా తీసుకునే కన్సల్టెంట్ల సంగతి వేరు.

ఈ తేడా తెలియకపోతే బిల్లు ఆగినప్పుడు ఢిల్లీలోని బ్యాంకు ఆఫీసుకు ఉత్తరాలు రాస్తూ కూర్చోవాల్సి వస్తుంది. వాళ్లు చేయగలిగింది తక్కువ. జాగ్రత్త పడాల్సింది సంతకానికి ముందు, చర్చల దశలోనే. ఒకటి: ఒక్కో నివేదికపై వ్యాఖ్యలు పంపడానికి గడువు, ఆ గడువు దాటితే ఆమోదించినట్టే అనే నిబంధన రాయించుకోవాలి. రెండు: మొదటి విడత చెల్లింపు ప్రారంభ నివేదికకే ముడిపడి ఉండాలి. బ్యాంకు గ్యారంటీ ఇచ్చి అడ్వాన్సు తీసుకునే వీలు ప్రామాణిక కాంట్రాక్టులోనే ఉంటుంది కాబట్టి దాన్నీ అడగొచ్చు. మూడోది చాలామంది చూడనిది: ప్రాజెక్టు ముగింపు తేదీ. ఆ తేదీ దాటాక చేసిన పనికి అప్పు నిధుల్లోంచి డబ్బు రాదు. అప్పటికే చేసిన పనుల బిల్లుల కోసం సాధారణంగా మరో నాలుగు నెలలు మాత్రమే కిటికీ తెరిచి ఉంటుంది. ముగింపు దగ్గరపడ్డ ప్రాజెక్టులో ఏడాది పని ఒప్పుకున్నారంటే గడువు పొడిగింపు మీద పందెం కాసినట్టే.

అపోహ: ఆసక్తి వ్యక్తీకరణలో, అంటే పనికి సిద్ధమని పంపే తొలి దరఖాస్తులో, ఎంత మంది నిపుణుల బయోడేటాలు పెడితే అంత బలం.

వాస్తవం: షార్ట్‌లిస్టు దశలో చూసేది సంస్థ అనుభవం. నిపుణుల బయోడేటాలకు ఈ దశలో మార్కులుండవని ప్రపంచ బ్యాంకు పద్ధతిలో వచ్చే ప్రకటనలోనే రాసి ఉంటుంది. అయినా అరవై పేజీల బయోడేటాలు కుట్టి పంపుతుంటారు. అడిగింది ఇలాంటి పని మీరెక్కడ చేశారని. దానికి జవాబు ఒక్కో పనికీ ఒక పేజీ: క్లయింటు, విలువ, కాలం, ఆయకట్టు ఎన్ని ఎకరాలు, మీ వాటా ఎంత, పూర్తి చేసినట్టు ధ్రువపత్రం. ఇద్దరు కలిసి వెళ్తుంటే అది జాయింట్ వెంచరా, సబ్ కన్సల్టెన్సీయా స్పష్టంగా చెప్పాలి. సబ్ కన్సల్టెంట్ అనుభవాన్ని సాధారణంగా లెక్కలోకి తీసుకోరు.

వ్యక్తిగత కన్సల్టెంట్ ఎంపిక ఇందుకు పూర్తిగా తలకిందులు. అక్కడ బయోడేటాయే సర్వస్వం, కనీసం ముగ్గురు అర్హులను పోల్చి ఎంచుకుంటారు. “నీటి రంగంలో 25 ఏళ్ల అనుభవం” అనే వాక్యానికి అక్కడ విలువ లేదు. పని పరిధిని, అర్హతలను చెప్పే పత్రం టీఓఆర్‌లో అడిగిన ప్రతి అర్హతకూ ఎదురుగా ఫలానా ప్రాజెక్టు, ఫలానా నెల నుంచి ఫలానా నెల, నేను చేసింది ఇది అని చూపించాలి. ఒకే నిపుణుడి బయోడేటా రెండు సంస్థల ప్రతిపాదనల్లో కనబడితే ఇద్దరికీ తలనొప్పే. టీఓఆర్ తయారుచేసిన సంస్థ అదే కన్సల్టెన్సీకి పోటీపడటం ప్రయోజనాల ఘర్షణ కిందికి వస్తుంది. ఉద్యోగంలో ఉన్న ప్రభుత్వ ఇంజినీర్లకూ దారి ఇరుకే. సర్వీసు నిబంధనలు ఒప్పుకోవాలి, తన సొంత శాఖతో అలాంటి ఘర్షణ ఉండకూడదు.

అపోహ: రేటు తగ్గిస్తే పని మనదే.

వాస్తవం: ఎంపిక పద్ధతి ఏమిటో చూడకుండా రేటు వేయడం కన్సల్టింగ్‌లో అన్నిటికంటే ఖరీదైన అలవాటు. ఎక్కువగా వాడే నాణ్యత–ధర పద్ధతిలో సాంకేతిక ప్రతిపాదనను ముందు తెరుస్తారు. కనీస మార్కులు రానివాళ్ల ధర కవరు తెరవకుండానే తిరిగి వస్తుంది. దాటినవాళ్లలో అతి తక్కువ ధరకు 100 మార్కులు, మిగతావారికి ఆ నిష్పత్తిలో.

80:20 వాటా అనుకుందాం. మొదటి సంస్థకు సాంకేతికంగా 90, ధర 1.2 కోట్లు. రెండో సంస్థకు 80, ధర కోటి. మొదటిదానికి 72 ప్లస్ 16.67, అంటే 88.67. రెండోదానికి 64 ప్లస్ 20, అంటే 84. ఇరవై లక్షలు ఎక్కువ అడిగినవాళ్లకే పని. అందుకే ధరలో కోత కోసం సీనియర్ హైడ్రాలజిస్టును తీసేసి జూనియర్‌ను పెట్టడం ఎదురు తంతుంది. ఎందుకంటే సాంకేతిక మార్కుల్లో పెద్ద భాగం ముఖ్య నిపుణులకూ పని పద్ధతికీ పోతుంది. అత్యల్ప ధర పద్ధతిలో మాత్రం కథ వేరు. కనీస మార్కులు దాటితే చాలు, ఆపై ధరే నిర్ణయిస్తుంది. స్థిర బడ్జెట్ పద్ధతిలో ప్రకటించిన బడ్జెట్‌ను ఒక్క రూపాయి దాటినా బయటికే.

పన్నుల గురించి కూడా ఇక్కడే. కన్సల్టెన్సీ సేవలపై జీఎస్టీ 18 శాతం. ప్రపంచ బ్యాంకు ప్రామాణిక పత్రాల్లో పరోక్ష పన్నులను విడిగా చూపించాలి, పోల్చేటప్పుడు వాటిని కలపరు. రేటులోనే కలిపేసి రాస్తే పోటీలో అనవసరంగా ఖరీదైనవారిగా కనిపిస్తారు. అసలు రాయడమే మరిచిపోతే చర్చల దాకా అది మీ నెత్తినే. “ఐక్యరాజ్యసమితి డబ్బుకు ఆదాయపు పన్ను లేదు” అన్న మాట వాళ్ల సిబ్బందికి వర్తిస్తుంది. కాంట్రాక్టు మీద పనిచేసే మనలాంటివాళ్లకు అది దానంతటదే వర్తించదు.

అపోహ: రిజిస్ట్రేషన్ ఫీజు కడితే ఐక్యరాజ్యసమితి పనులు వస్తాయి.

వాస్తవం: ఐక్యరాజ్యసమితి సరఫరాదారుల పోర్టల్‌లో ప్రాథమిక నమోదు ఉచితం. ఫీజు అడిగినవాడు మోసగాడు.

అపోహ: డ్రిప్ వేస్తే నీళ్లు ఆదా అవుతాయి, విధాన నివేదికలో ఆ మాట రాస్తే చాలు.

వాస్తవం: బోరు నుంచి తోడే నీళ్లు తగ్గుతాయి. పరీవాహకంలో నీళ్లు మిగులుతాయా అన్నది వేరే ప్రశ్న. సులువైన అంకెలతో చూద్దాం. పారుదల పద్ధతిలో రైతు 100 పాళ్లు తోడాడు. పైరు 60 తాగింది, 15 మట్టి మీద ఆవిరైంది, 25 మళ్లీ భూమిలోకి దిగింది. అంటే శాశ్వతంగా పోయింది 75. డ్రిప్ వేశాక 70 తోడాడు. పైరుకు 63, ఆవిరి 2, భూమిలోకి 5. పోయింది 65. మీటరు 30 ఆదా అయిందని చెబుతుంది, భూగర్భం 10 మాత్రమే ఒప్పుకుంటుంది.

ఇక్కడితో ఆగితే మంచిదే. ఆగదు. మిగిలిన 30 పాళ్లతో రైతు పక్క అరెకరంలో బత్తాయి వేస్తాడు, ఎవరైనా అదే చేస్తారు. మళ్లీ 100 తోడితే శాశ్వతంగా పోయేది దాదాపు 93. సబ్సిడీ ఇచ్చి మరీ శాశ్వతంగా పోయే నీటిని 75 నుంచి 93కి పెంచామన్నమాట. రైతు ఆదాయం పెరుగుతుంది, దిగుబడి పెరుగుతుంది, అవి చిన్న విషయాలు కావు. కానీ వాటిని నీటి ఆదా పద్దులో రాయకూడదు.

అన్ని చోట్లా ఇలాగే జరగదు. కృష్ణా డెల్టా చివరి భూముల్లో మురుగు కాలువలోకి, ఉప్పు పొరల్లోకి పోయే నీళ్లు ఎవరికీ తిరిగి దొరకవు. అక్కడ తగ్గించింది నిజంగా ఆదా. అనంతపురం గట్టి రాతి నేలల్లో ఒకరి ఇంకుడు నీరే పక్కవాడి బోరు. అందుకే ఫలితాల పట్టికలో “డ్రిప్ కిందికి వచ్చిన ఎకరాలు” అని సూచిక కనిపిస్తే ప్రతిపాదనలోనే ప్రశ్నించండి. ఉపగ్రహ సమాచారంతో లెక్కకట్టే ఆవిరి–పైరు వినియోగం (మట్టి మీద ఆవిరై, పైరు తాగి శాశ్వతంగా పోయే నీరు), రుతుపవనాలకు ముందు, తర్వాత నీటిమట్టం, మొత్తం సాగు విస్తీర్ణం, మూడూ కలిపి అడగాలి. చైనాలోని తుర్పాన్‌లో ప్రపంచ బ్యాంకు అప్పుతో నడిచిన ప్రాజెక్టు ఆవిరి–పైరు వినియోగం ఆధారంగానే నీటిని లెక్కించింది. టీఓఆర్ మీద వ్యాఖ్యలకు ప్రామాణిక పత్రంలో విడిగా చోటుంటుంది. ఆ పేజీని ఖాళీగా వదిలేసేవాళ్లే ఎక్కువ.

అపోహ: సంఘాలు పెట్టి, రైతుకు సమాచారమిస్తే వాడకం దానంతటదే తగ్గుతుంది.

వాస్తవం: సగం నిజం. మన దగ్గరే పెద్ద ప్రయోగాలు జరిగాయి. 1997 చట్టంతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పదివేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలకు ఎన్నికలు జరిగాయి, బయటి దేశాలకు అది నమూనా అయింది. తర్వాత ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్ఏఓ) అమలు చేసిన, రైతులే భూగర్భజలాలను చూసుకునే ప్రాజెక్టు ఏపీఫామ్స్‌లో ఏడు కరవు జిల్లాల రైతులే బావుల్లో నీటిమట్టం కొలిచి, వాన లెక్క రాసి, రబీకి ముందు పంటల నీటి బడ్జెట్ వేసుకున్నారు. అందులో కోటాలు లేవు, జరిమానాలు లేవు. లోటు కనబడ్డ ఊళ్లో కొందరు వరి మానుకున్నారు. ఆ పద్ధతి విలువైనదే.

అయితే అదే కాలంలో, 2004లో, వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చింది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో అది 24 గంటలైంది. ఒక శాఖ బడ్జెట్ వేయమంటుంది, ఇంకో శాఖ మోటారు ఆపొద్దంటుంది. కొత్త బోరుకు అనుమతి కావాలనే వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం 2002 నుంచీ ఉంది, అమలు సంగతి అందరికీ తెలిసిందే. విదేశీ క్లయింటుకు మన అనుభవాన్ని చూపేటప్పుడు సంఘాల సంఖ్య ఒక్కటే రాసి కరెంటు విధానం వదిలేస్తే కెన్యాలోనో నేపాల్‌లోనో తప్పుడు మందు రాసినట్టే. రాయాల్సినవి వేరే: నీటి తీరువాలో సంఘం వాటా చేతికి అందుతోందా, తూము తాళం ఎవరి దగ్గరుంది, ఎన్నికలు గడువుకు జరుగుతున్నాయా, చివరి భూములకు ఎన్ని తడులు అందుతున్నాయి.

అపోహ: ఇంటికి కుళాయి వస్తే ఐక్యరాజ్యసమితి సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో తాగునీటిదైన 6.1 పూర్తయినట్టే.

వాస్తవం: ఆ లక్ష్యంలో “సురక్షితంగా నిర్వహించే నీళ్లు” అంటే మూడూ ఉండాలి: ఇంటి ఆవరణలో దొరకడం, అవసరమైనప్పుడు రావడం, మల కాలుష్యం గానీ ఫ్లోరైడ్, ఆర్సెనిక్ వంటివి గానీ లేకపోవడం. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ కొలమానం మనిషికి రోజుకు 55 లీటర్లు, నిర్దేశిత నాణ్యతతో, క్రమం తప్పకుండా. రెండు లెక్కలూ దగ్గరివే కానీ ఒకటి కాదు. నివేదికలో కుళాయిల సంఖ్యను తెచ్చి 6.1 పట్టికలో అతికించడం తరచూ కనిపించే తప్పు. నమూనా ఇళ్లలో నీటి పరీక్ష, వారంలో ఎన్ని రోజులు వచ్చిందన్న ప్రశ్న, ఈ రెండూ సర్వేలో లేకుంటే ఆ గడి ఖాళీగానే ఉంచాలి.

ఫ్లోరైడ్‌కు భారతీయ ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే వనరు లేకుంటే 1.5 వరకు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో ఫ్లోరైడ్‌ను తగ్గించేందుకు జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరీ) రూపొందించిన నల్గొండ టెక్నిక్ ఆ జిల్లా పేరుతోనే టాంజానియాకు, ఇథియోపియా రిఫ్ట్ లోయకు వెళ్లింది. పటిక మోతాదు నీటిలోని ఫ్లోరైడ్, క్షారత రెండింటి మీదా ఆధారపడుతుంది, కాబట్టి ఒక ఊరి మోతాదు ఇంకో ఊరికి పనికిరాదు. రోజూ కలిపే మనిషి, అడుగున పేరుకునే బురదను పారబోసే చోటు, శుద్ధయిన నీటిలో మిగిలే అల్యూమినియం పరీక్ష కావాలి. ఇవి బడ్జెట్‌లో లేని ప్రతిపాదన ఎవరిదైనా, పరికరం ధర ఎంత తక్కువ చూపించినా, సాంకేతిక మూల్యాంకనంలో మార్కులు కోసేయాల్సిందే.