బండి మీది, బీమా ఎదుటి కారుది

అమెరికాలోని మిషిగన్‌లో ఒకాయన మోటార్‌సైకిల్ కంకరలో జారి కాలు విరిగిందనుకోండి, అక్కడి వాహన బీమా చట్టం కింద చికిత్సకి పైసా రాదు. అదే కాలు అడ్డంగా వచ్చిన కారుని తప్పించబోయి పడితే విరిగిందనుకోండి, ఆ కారు బీమా కంపెనీ ఆసుపత్రి బిల్లు కట్టాల్సి రావచ్చు, కారు తగలకపోయినా సరే! ఈ విడ్డూరం నిన్నమొన్నటిది కాదు.

ఒకప్పుడు ప్రమాదంలో తప్పెవరిదో తేలితేనే డబ్బు వచ్చేది. తేలేసరికి ఏళ్లు పట్టేది, ఈలోపు అప్పులు. తప్పు సంగతి తర్వాత, ముందు ఎవరి కంపెనీ వాళ్ల చికిత్స ఖర్చు ఇచ్చేయాలని రాబర్ట్ కీటన్, జెఫ్రీ ఒకానెల్ అనే న్యాయశాస్త్ర ప్రొఫెసర్లు 1965లో ప్రతిపాదించారు. 1971లో మసాచుసెట్స్ మొదలుపెట్టింది. 1973 అక్టోబర్‌లో మిషిగన్ ఇంకా ముందుకెళ్లి వైద్య ఖర్చులకి పరిమితే లేదంది, అవసరమైతే జీవితాంతం.

కానీ ఆ చట్టం లెక్కలో మోటార్‌సైకిల్ అసలు మోటారు వాహనమే కాదు. ఇందులో పెద్ద సిద్ధాంతమేం లేదు, డబ్బు గొడవే. బండి మీంచి పడ్డవాడికి చుట్టూ రేకు కూడా ఉండదు, గాయాలు పెద్దవి, ఆ ఖర్చంతా బండి పాలసీ మీద పెడితే ప్రీమియం ఎవరు కట్టగలరు? అందుకే కారు ప్రమేయం ఉంటే ముందు ఆ కారు యజమాని కంపెనీ, తర్వాత దాన్ని నడిపినవాడిది, ఆ తర్వాతే బండి నడిపినవాడి సొంత కారు పాలసీ అని వరస పెట్టారు. సొంత బండికి తప్పనిసరి థర్డ్ పార్టీ బీమా లేకపోతే మాత్రం ఇవేవీ దక్కవు.

2012లో హెల్మెట్ నిబంధన సడలించారు. 21 ఏళ్లు నిండి, అనుభవమో శిక్షణో ఉండి, 20,000 డాలర్ల వైద్య బీమా తీసుకుంటే హెల్మెట్ లేకుండా తిరగొచ్చు. తలకి గట్టి దెబ్బ తగిలితే ఆ డబ్బు ఏ మూలకి?

అసలు దెబ్బ ఆ బీమా చట్టానికి 2019లో చేసిన సవరణ. 2020 జూలై నుంచి కారు యజమానులు ప్రీమియం తగ్గించుకోవడానికి అపరిమితం బదులు 5,00,000 డాలర్లో, 2,50,000 డాలర్లో, కొందరైతే ఇంకా తక్కువో ఎంచుకోవచ్చు. అంటే బండివాడికి ఎంత వైద్యం అందుతుందో దారిలో ఎదురైన ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి ముందే తేల్చేసి ఉంటాడు. బండివాడు తన సొంత కారుకి అపరిమిత పాలసీ కొనుక్కున్నా అది వరసలో మూడోది, దాని దాకా వస్తుందన్న భరోసా లేదు.