టీజ్ అంటే ఏడిపించడమేనా? అపోహలు - వాస్తవాలు

నల్లగొండలో స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసులు చెప్పబట్టి పదకొండేళ్లయింది. ఇన్నేళ్లలో మా పిల్లలు ఎక్కువగా బోల్తా పడిన మాట ఏ నోరు తిరగని మాటో కాదు, 'టీజ్'. అందరికీ వచ్చనుకునే మాట కాబట్టి డిక్షనరీ ఎవరూ తీయరు.

అపోహ: టీజ్ అంటే ఏడిపించడం. మిగతా అర్థాలన్నీ దాన్నుంచి పుట్టినవే.

వాస్తవం: తలకిందులు. పాత ఇంగ్లిష్‌లో ఈ మాటకు ఉన్నిని లాగి, పోగులు విడదీసి దువ్వడం అని అర్థం. మనిషిని విసిగించడం, ఆటపట్టించడం 17వ శతాబ్దంలో వచ్చి చేరాయి. ఉన్ని బట్ట మీద నూగు లేపడానికి వాడిన ముళ్లకాయల మొక్క 'టీజిల్' పేరు కూడా ఈ మూలంలోదే.

ఇంతవరకు చెప్తే క్లాసు ఆవలిస్తుంది. అప్పుడు పాలమూరు గొంగడి సంగతి ఎత్తుతాను. కురుమలు గొర్రె ఉన్నిని ముందు ఏకుతారు, అంటే పోగులు విడదీస్తారు, ఆ తర్వాతే వడకడం, నేయడం. దూదేకుల అనే పేరు వచ్చిందీ దూదిని ఏకే పనివల్లే. మరి "గ్రామసభల సర్పంచ్‌ను ఏకి పారేసిండ్రు" అంటాం కదా, అది ఎక్కడిది? ఉన్నిని ఏకిన మాటతోనే మనిషినీ ఏకాం! ఇంగ్లిష్ వాళ్లదీ అదే దారి. సభలో మాట్లాడేవాణ్ని అడ్డు ప్రశ్నలతో గుచ్చే 'హెకిల్' కూడా నార దువ్వే పనిలోంచి వచ్చిందే. కాకపోతే మన ఏకుడులో దెబ్బ ఎక్కువ, వాళ్ల టీజ్‌లో సరదా ఎక్కువ.

ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివే ఒకమ్మాయి ఓ రోజు లేచి, "సార్, ఫంగస్‌ను టీజ్ చెయ్యమని బుక్కుల ఉంది. ఎట్ల చెయ్యాలె?" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, నవ్వకుండా ఉండాల్సింది. స్లైడు మీద లాక్టోఫినాల్ కాటన్ బ్లూ అనే రంగు ద్రావణం చుక్క వేసి, అందులో ఫంగస్ ముక్కను రెండు సూదులతో మెల్లగా విడదీయడం అది. ఆ సూదుల పేరే టీజింగ్ నీడిల్స్. అంతమందిలో ఆ మాటను పాత అర్థంలో చూసింది ఆమె ఒక్కతే. అమెరికా వాళ్లు జుట్టును కుదుళ్ల వైపు ఎదురు దువ్వి ఉబ్బెత్తుగా చేయడాన్నీ టీజ్ అంటారు. మన పార్లర్లలో అది బ్యాక్ కోంబింగ్.

అపోహ: టీజ్ చేశాడంటే వాడు చెడ్డవాడే.

వాస్తవం: ఇది తెలుగులోకి వచ్చాక పట్టిన మకిలి. పాఠంలో "అన్న చెల్లెల్ని టీజ్ చేశాడు" అని వస్తే మా అమ్మాయిలు ముఖం చిట్లిస్తారు. అక్కడ ఉన్నది మన ఇళ్లలో బావామరదళ్లు చేసుకునే మజాకు లాంటిదే. మనకు టీజింగ్ అనగానే బస్టాండు, బైకు, ఈల గుర్తుకొస్తాయి. దానికి కారణం 'ఈవ్ టీజింగ్'. అది మన ఉపఖండం ఇంగ్లిష్. లండన్‌లో అంటే చాలామందికి అర్థం కాదు. నాకైతే ఆ మాటంటేనే చిరాకు. వెంటపడి వేధించడానికి అంత ముద్దు పేరెందుకు? చట్టం దాన్ని సరదాగా చూడదు. 2013లో లైంగిక వేధింపు, వెంటపడటం శిక్షాస్మృతిలో విడివిడి నేరాలయ్యాయి. 2024 జులై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అవి 75, 78 సెక్షన్లు. తెలంగాణలో ఇలాంటివాళ్లను పట్టుకునే పోలీసు బృందాలు 'షీ టీమ్స్' 2014 నుంచే ఉన్నాయి.

అపోహ: కాలేజీలో జూనియర్లను కొట్టకుండా ఊరికే టీజ్ చేస్తే ర్యాగింగ్ కాదు.

వాస్తవం: అవుతుంది. యూజీసీ 2009 నిబంధనల్లో ర్యాగింగ్ నిర్వచనంలోనే 'టీజింగ్' అన్న మాట ఉంది.

అపోహ: టీజర్ అంటే సినిమాదే.

వాస్తవం: కాస్త చూపించి, మిగతాది దాచి ఊరించేది ఏదైనా టీజరే. బుర్రకు పదును పెట్టే పొడుపు లెక్క 'బ్రెయిన్ టీజర్'. మొదటి ఏడాదో రెండేళ్లో తక్కువ వడ్డీ చూపించి, తర్వాత పెంచే ఇంటి అప్పు 'టీజర్ లోన్'. ఈ అప్పుల మీద బ్యాంకులు ముందుజాగ్రత్తగా పక్కన పెట్టాల్సిన సొమ్మును 2010లో ఆర్‌బీఐ 0.40 శాతం నుంచి 2 శాతానికి పెంచింది. ఇది చెప్తుంటే సాయంత్రం బ్యాచ్‌లో ఒకాయన చెయ్యెత్తి, "అయితే బ్యాంకులోళ్లది కూడ ఏకుడే సార్, జర నిమ్మలంగ" అన్నాడు.